తీగ పీకేసినా వచ్చిన జవాబు

పెనుకొండ,
12 ఫిబ్రవరి 2001.

ఏసుదాసన్నకు,

మీ కాలికి రెండోసారి ఆపరేషన్ చేసి కడ్డీ వేశారని మా ఆసుపత్రి డ్రైవరు పుల్లన్న చెప్పాడు. ఇంకో ఆరు నెలలు మంచం దిగకూడదట గదా. చూడటానికి రాలేకపోయాను అని రాయబోయాను గానీ, రాలేదు అనడమే నిజం. మా ఆయన పోయి మూడు నెలలైనా హిందూపురం రోడ్డు మీద బస్సెక్కాలంటే కాళ్ళు రావడం లేదు.

ఆయన సీటు నాకిచ్చారు. రిజిస్ట్రేషన్ గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ పేరూ ఊరూ వయసూ పెద్ద కంప్యూటర్లో ఎక్కిస్తాను. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న టైపింగ్ ఇట్లా అక్కరకొస్తుందనుకోలేదు.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. లాబ్ కంప్యూటర్లో ఎక్కించిన రక్తం రిపోర్టులు నా గదిలోని పెద్ద కంప్యూటరుకు చేరితేనే వార్డులో డాక్టరమ్మకు తెర మీద కనబడతాయి. రెండు నెలలుగా మధ్యాహ్నం పూట అవి రావడం లేదు. పొద్దున బాగానే ఉంటుంది. ఒంటిగంట ప్రాంతంలో తెగిపోతుంది. రెండు దాటాక ఎవరూ ముట్టుకోకుండానే బాగవుతుంది. కొన్ని రోజులు అసలు తెగదు. బెంగుళూరు నుంచి వచ్చిన మనిషి చూసి, "ఒకటి యూనిక్స్, ఇంకొకటి విండోస్, రెండు జాతులు కలిపితే ఇట్లే ఉంటాది, అన్నీ మార్చండి" అని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ మళ్ళీ కాగితాలకే పోదామంటోంది. అట్లయితే నా సీటు ఉండదు.

ఆ తీగలు లాగింది మీరూ, ఆయనా. ఇక తెలిసినవాళ్ళు మీరొక్కరే. పడుకున్నచోటి నుంచే చెప్పగలరా?

యశోద


హిందూపురం,
17 ఫిబ్రవరి 2001.

యశోదమ్మకు,

నీ ఉత్తరం చూసి చాలాసేపు చేతిలో పెట్టుకున్నాను. నువ్వు రాస్తావని అనుకోలేదు.

ఆ రోజు గురించి నువ్వేమీ అడగలేదు. అడగకపోయినా చెప్పాలి గదా. జయప్రకాష్ బండి నిదానంగానే నడిపాడు. గొర్రెల మంద అడ్డం వచ్చింది. వాడి తప్పేమీ లేదు. అంతకంటే రాయలేను.

ఇక నీ చిక్కు. రెండు జాతులైనంత మాత్రాన మాట తెగదు. ఆ రెండింటికీ ఒకే భాష నేర్పి ఏడాదిన్నర పని చేయించాం. కాబట్టి వేరే ఏదో ఉంది. మొదట లాబ్ నుంచి వచ్చే తీగ మార్పించు. ఎలుకలు కొరికి ఉండొచ్చు. పోనప్పుడు నీ కంప్యూటరులో నల్ల తెర మీద పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, లాబ్ నంబరు కొట్టు. ప్రతి మిషనుకూ మనం ఒక నంబరు ఇచ్చాం, లాబ్‌ది చివర ఏడు. "ఉన్నావా" అని పిలవడమే అది. లాబ్ మిషను వింటే వరుసగా జవాబులు పడతాయి. వినకపోతే ఏమీ రాదు.

తెగిన రోజులూ గంటలూ ఒక కాగితం మీద రాసి పంపు. ఆ సమయానికి ఏ మిషన్లు వేసి ఉన్నాయో కూడా రాయి.

ఏసుదాసు


పెనుకొండ,
5 మార్చి 2001.

అన్నకు,

తీగ మార్పించాను. మార్పు లేదు. పోయిన మంగళవారం తెగినప్పుడు మీరు చెప్పినట్టే పిలిచాను. జవాబులు టకటకా పడ్డాయి. లాబ్ మిషను వింటోందన్నమాట. మరి రిపోర్టు ఎందుకు రాదు? లాబ్‌లో పనిచేసే గంగాధరప్ప ఆ తెర ముందే కూర్చుని, "నేను పంపతానే ఉండా, అదేమో యెనక్కి తోసేస్తాండాది" అంటాడు.

రోజుల జాబితా దీంతో పెట్టాను. ఫిబ్రవరిలో పదమూడు సార్లు. ఆదివారాలు లేదు. నేను ధర్మవరంలో మా అక్క ఇంటికి పోయిన మూడు రోజులూ లేదు. వేసి ఉండే మిషన్లు నాలుగే: నాది, లాబ్‌ది, వార్డుది, మందుల గదిది.

ఆయన నిదానంగా నడిపారని రాశారు. సరే.

యశోద


హిందూపురం,
9 మార్చి 2001.

యశోదమ్మా,

పిలిస్తే పలుకుతుంది, ఇస్తే తీసుకోదు. ఇది నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఒక సంగతి తేల్చుకోవాలి. పలికేది లాబ్ మిషనేనా?

ఈసారి తెగినప్పుడు గంగాధరప్పను లాబ్ మిషను వెనక తీగ పూర్తిగా పీకేయమను. పీకేశాక నువ్వు పిలువు. జవాబు రాకూడదు. ఒకవేళ వస్తే, ఆ వెంటనే ఈ కాగితం అడుగున రాసిన రెండో మాట కొట్టు. ప్రతి మిషనులో తీగ తగిలించే కార్డు ఉంటుంది. దానికి తయారైనప్పుడే వేసిన పన్నెండక్షరాల గుర్తు ఉంటుంది. లోకంలో ఇంకో కార్డుకు ఆ గుర్తు ఉండదు. తెర మీద కనబడేది అక్షరం పొల్లు పోకుండా రాసి పంపు.

ఏసుదాసు


పెనుకొండ,
24 మార్చి 2001.

అన్నా,

పోయిన వారం జరిగింది ముందు రాయాలి.

శుక్రవారం ఆమడగూరు నుంచి యల్లక్క అనే ఆవిడను జీపులో తెచ్చారు. ఎనిమిదో నెల. చీర నెత్తురుతో తడిసిపోయి ఉంది. నేనే పేరు రాసుకున్నాను. వయసెంతమ్మా అంటే, "ఇరవయ్యో ఇరవై రెండో, నువ్వే ఏదోటి రాయక్కా" అంది. రక్తం తీసి లాబ్‌కు పంపారు. ఒంటిగంటా పదికి గంగాధరప్ప గ్రూపు కనుక్కుని, పంపే మీట నొక్కి, ఇంకో మనిషి రక్తం చూడటానికి పోయాడు. అది పోలేదు. వార్డులో డాక్టరమ్మ తెర చూస్తూ ఉంది. ఇక్కడ ఈయన పంపేశాననుకున్నాడు. అక్కడ ఆమె ఇంకా చూస్తున్నారేమో అనుకుంది. నలభై నిమిషాల తర్వాత నర్సు పరిగెత్తుకుంటూ వస్తే అప్పుడు తెలిసింది. రక్తం హిందూపురం నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. తల్లి బతికింది. మగపిల్లవాడు. ఏడవలేదు.

డాక్టరమ్మను అడిగాను. "రిపోర్టు ముందే వచ్చింటే బతికేటోడని నేను చెప్పలేను యశోదా. బతికేటోడు కాదని కూడా చెప్పలేను" అంది.

మీరు చెప్పిన పరీక్ష సోమవారం చేశాం. గంగాధరప్ప తీగ పీకి చేతిలో పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు. నేను పిలిచాను. జవాబులు వచ్చాయి. ఆయన చేతిలోని తీగ వైపు చూసుకుని, "మల్ల పలికేది ఎవురక్కా?" అన్నాడు. నేను వెంటనే ఆ రెండో మాట కొట్టాను.

పన్నెండక్షరాలూ వేరే కాగితం మీద ఉన్నాయి. చివర నాలుగు, ఇంగ్లీషు ఈ, తొమ్మిది, ఒకటి. అదెవరిది?

యశోద


హిందూపురం,
30 మార్చి 2001.

యశోదకు,

లాబ్ మిషనుకు ఏడు తీసేసి పంతొమ్మిది ఇవ్వండి. ఎక్కడ మార్చాలో బొమ్మ గీసి పెట్టాను. నీ కంప్యూటరులోనూ అదే మార్చు. ఇక తెగదు. ఏదో పాత కార్డు తికమక పడింది, అంతే. దాన్ని గురించి ఆలోచించొద్దు.

ఆ బిడ్డ విషయం చాలా బాధగా ఉంది.

ఏసుదాసు


పెనుకొండ,
20 ఏప్రిల్ 2001.

అన్నా,

పంతొమ్మిది ఇచ్చిన రోజు నుంచి ఒక్కసారీ తెగలేదు. డాక్టరమ్మ నన్ను పిలిచి అందరి ముందూ మెచ్చుకుంది. ఆ మెప్పు తీసుకుని వచ్చి కూర్చున్నాను.

ఇన్ని ప్రశ్నలు వేసిన మనిషి చివర్లో ఆలోచించొద్దు అంటే నేను ఆలోచించకుండా ఉంటానా?

మీకు నాలుగు మిషన్లని రాశాను. అయిదోది ఉంది. మందుల అట్టపెట్టెలుండే గదిలో ఆయన పాత సామాన్లతో సొంతంగా అమర్చుకున్నది. పత్రికతో వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించుకున్నానని మురిసిపోయేవారు. ఆ గది తాళం నా దగ్గరే ఉంది. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయాక నేనా గదికి పోయి దాన్ని వేసేదాన్ని. లోపలికి పోవడం నాకు తెలియదు, పాస్‌వర్డు మాట అడుగుతుంది, ఆ మాట ఆయన చెప్పలేదు. కానీ అడిగే ముందు తెర పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి వస్తుంది. "వచ్చినావా? కూర్చో." అది ఆయన తనకు తానే పెట్టుకున్నదో, నాకోసమో తెలియదు. నేను కూర్చునేదాన్ని. దాని ముందు క్యారియరు విప్పుకుని అన్నం తిని, రెండింటికి ఆపి వచ్చేదాన్ని. కొన్నిసార్లు తెగిపోయిందని గంగాధరప్ప కేకేస్తే దాన్ని అట్లే వదిలి మీరు చెప్పిన పరీక్షలు చేయడానికి పరిగెత్తాను. అది కూడా ఇదే తీగల్లో ఉందని నాకు తట్టలేదు.

నిన్న దాని వెనక చూశాను. కార్డు మీద ఆయన చేతిరాతతో చీటీ అంటించి ఉంది. నాలుగు, ఈ, తొమ్మిది, ఒకటి.

యల్లక్క వచ్చిన శుక్రవారం కూడా నేను ఆ గదిలోనే ఉన్నాను. పెరుగన్నం తింటున్నాను.

మీకు తెలుసు. తెలిసీ రాయలేదు. ఎందుకు?

యశోద


హిందూపురం,
26 ఏప్రిల్ 2001.

యశోదమ్మా,

తెలుసు. ఆ కార్డు నేనే వాడికి ఇచ్చాను. గుర్తు చూడగానే ఎవరి మిషనో తెలిసింది. నీ జాబితాలో నువ్వు ఊళ్ళో లేని రోజులు చూశాక వేసేదెవరో కూడా తెలిసింది. ఎట్లా రాయమంటావు?

కానీ తప్పు నీది కాదు. ఆ మిషనుకు నంబరు ఇచ్చిందీ నేనే. పోయిన అక్టోబరులో తొందరలో, లాబ్‌కు ఏడు ఇచ్చామన్నది మరిచి దీనికీ ఏడే ఇచ్చాను. ఒకే నంబరుతో రెండు మిషన్లుంటే, పెద్ద కంప్యూటరు జవాబివ్వబోయి ఒక్కోసారి రెండోదానికి ఇస్తుంది. అది "నాకేమీ తెలియదు" అని తోసేస్తుంది. పిలిస్తే మాత్రం పలుకుతుంది. జయప్రకాష్ ఉన్నప్పుడు దాన్ని లాబ్ మూసేశాకే వేసేవాడు, అందుకే బయటపడలేదు. నువ్వు మీట నొక్కావు, అంతే. ఆ తప్పు నేను చేసి పెట్టి ఉంచాను.

ఇప్పుడు నంబర్లు వేరయ్యాయి. నువ్వు ఆ మిషను వేసుకున్నా ఎవరికీ ఏమీ కాదు. వేసుకో. కూర్చో.

ఏసుదాసు


పెనుకొండ,
18 జూన్ 2001.

అన్నకు,

మీ ఉత్తరం తర్వాత ఆ గది తెరవలేదు.

మొన్న గోరంట్లలో బస్సు మారి ఆమడగూరు పోయాను. యల్లక్క ఇల్లు ఊరి చివర. వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, "ఆసుపత్రిలో పేరు రాసుకునే అక్క గదా నువ్వు. ఏమిట్లొస్తివి?" అంది. చాప మీద చోటిచ్చింది. నేనూ కాయలు తీసుకుని ఒలుస్తూ అంతా చెప్పాను. కంప్యూటర్ల సంగతి ఆమెకు తెలిసేట్టు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మా ఆయన గురించి కూడా చెప్పాను.

ఆమె ఒలవడం ఆపలేదు.

"అంటే నువ్వు ఆ మిషను వెయ్యకపోయింటే నా బిడ్డ బతికేటోడా?"

"తెల్దమ్మా. డాక్టరమ్మ కూడా తెల్దంటాంది."

"తెల్దంటావు. మల్ల ఏమిటికి చెప్పినావు?"

నేను చేతిలోని కాయ ఒలిచాను.

"ఇన్నాళ్ళూ దేవుడు తీస్కపోయినాడనుకుంటాంటి. ఆయప్ప మీద కోపం పెట్టుకుని నా పని నేను చేసుకుంటాంటి. ఇప్పుడు నాకు నీ మొగం గుర్తొస్తాది. నాకది అవసరమా అక్కా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. కాసేపటికి లేచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, "తాగి పో, ఎండ బలంగా ఉండాది" అంది.

చెబితే నా బరువు దిగుతుందని పోయాను, అది ఒప్పుకోవాలి. దించుకుని ఆమె వసారాలో పెట్టి వచ్చాను. అయినా నాకు తేలిక కాలేదు. బస్సులో ఒళ్ళో చూసుకుంటే చీర నిండా కాయల పొట్టు ఉంది.

మీ పోయిన ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. వెలుతురుకు పెట్టి చూస్తే చదవగలిగాను. "ఇంకొకటి కూడా నీకు చెప్పాల్సింది ఉంది." చెప్పే ముందు అది ఎవరి కోసం చెబుతున్నారో ఒకసారి చూసుకోండి. ఇంతకంటే అడగను.

యశోద


హిందూపురం,
22 ఆగస్టు 2001.

యశోదమ్మా,

రెండు నెలలు చూసుకున్నాను. నా కోసమే అయితే చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఈలోగా పుల్లన్న వచ్చి మీ మామ తిమ్మప్ప సంగతి చెప్పాడు. "తాను పోయిందే కాక స్నేహితుని కాలు గూడా తీసినాడు, ఏసుదాసు వాళ్ళకు మొగం చూపీలేకుండా చేసినాడు" అని కొడుకు ఫోటో గోడ వైపు తిప్పి పెట్టాడంట. అది విన్నాక ఇది నా ఒక్కడి సంగతి కాదనిపించింది.

బండి నేను నడిపాను.

సోమందేపల్లి దాటాక వాడు వెనక కూర్చుని ఏదో చెబుతున్నాడు. గాలికి సరిగా వినబడక తల వెనక్కి తిప్పాను. ముందుకు చూసేసరికి గొర్రెలు. పక్కకు తిప్పితే ఎదురుగా లారీ. నాకు కాలు విరిగింది. వాడు అక్కడే పోయాడు.

ఆసుపత్రిలో నాకు తెలివి వచ్చేసరికి మా అన్న పక్కనున్నాడు. "నీకు లైసెన్సు లేదు. జయప్రకాషే తోలినాడని పోలీసులకు చెప్పినా. పోయినోన్ని ఎవురేం చేస్తారు, నువ్వు ఊఁ అను" అన్నాడు. నేను ఊఁ అన్నాను. అప్పటికి మత్తు పూర్తిగా దిగలేదని తర్వాత నాకు నేను చెప్పుకునేవాడిని. దిగింది. బాగా తెలిసే అన్నాను. నీకు మొదటి ఉత్తరంలోనూ మళ్ళీ అదే రాశాను.

నిన్న తిమ్మప్పకు విడిగా ఉత్తరం వేశాను. స్టేషనుకు కూడా రాసిచ్చాను. మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు.

క్షమించమని రాయడం లేదు.

ఏసుదాసు


ధర్మవరం,
14 సెప్టెంబరు 2001.

ఏసుదాసన్నకు,

ఆసుపత్రివాళ్ళకు ఇక్కడ చిన్న క్లినిక్కు ఉంది. అడిగి బదిలీ చేయించుకున్నాను. అక్క ఇంట్లో ఉంటున్నాను. మీ ఉత్తరం పెనుకొండ పోయి ఇక్కడికి తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది.

మామకు మీ ఉత్తరం చేరింది. పక్కింటి మంజులతో రెండుసార్లు చదివించుకున్నాడట. ఫోటో మళ్ళీ ముందుకు తిప్పి పెట్టాడని అత్త చెప్పి పంపింది.

ఇప్పుడు నేను చెప్పాల్సింది. ఆ రోజు పొద్దున ఆయన కళ్ళద్దాలు మంచం మీద నుంచి పడి పగిలాయి. బాగు చేయడానికి ఇక్కడే, ధర్మవరంలో దుకాణంలో ఇచ్చి హిందూపురం వచ్చారు. అవి లేకపోతే ఆయనకు నాలుగడుగుల దూరంలో మనిషి పోలిక తెలిసేది కాదు. కర్మాంతరాలయ్యాక పోయి ఆ అద్దాలు తెచ్చుకున్నది నేనే. బండి ఆయన నడపలేదని నాకు మొదటి రోజే తెలుసు.

తెలిసే ఫిబ్రవరిలో మీకు రాశాను. కంప్యూటరు పేరు చెప్పి రాస్తే ఆ మాట మీ అంతట మీరే చెబుతారనుకున్నాను. నిదానంగా నడిపాడని మీరు రాసినప్పుడు ఉత్తరం చింపేయాలనిపించింది. చింపలేదు. మామ ఫోటో గోడ వైపు తిప్పినప్పుడు నేను ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మీరే చెప్పాలని పంతం పట్టాను. ఆ పది నెలలూ ఆయన గోడకు మొగం పెట్టి ఉండటంలో నా వంతు కూడా ఉంది.

క్షమించమని మీరు అడగలేదు. మంచిదే. అడిగి ఉంటే ఏం రాయాలో నాకు తెలిసేది కాదు. ఆమడగూరు నుంచి వచ్చాక ఆ మాట ఎవరి దగ్గరా నేనూ అడగడం లేదు.

ఒకటి మాత్రం మీరు చేయాలి. ఆయన వెనక కూర్చుని ఏదో చెబుతున్నారని రాశారు. హిందూపురం నుంచి సోమందేపల్లి దాకా అరగంట దారి. వెనక కూర్చున్న మనిషి ఊరికే ఉండే రకం కాదు. పాడారేమో, కంప్యూటరు గురించి చెప్పారేమో, నన్ను తిట్టారేమో. మీకు వినబడింది వినబడినట్టు, సగం వినబడింది సగమే, అంతా రాయండి. అది ఎవరి కోసమని ఈసారి చూసుకోవద్దు. నా కోసమే.

యశోద